సరదా కొండెక్కాలంటే

హైదరాబాద్‌లో ఆగస్టు నెల హాఫ్ మారథాన్‌కి పేరిచ్చిన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ అనుభవజ్ఞుడిగా నాలుగు మాటలు. నెక్లెస్ రోడ్డు మీద హుస్సేన్ సాగర్ గాలికి హాయిగా మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగిసే 21.1 కిలోమీటర్లు. మధ్యలో బంజారాహిల్స్, జూబ్లీహిల్స్. పేర్లలోనే హిల్స్ అని రాసిపెట్టి ఉన్నా అక్కడికి వెళ్ళాకే ఆశ్చర్యపోవడం మన ఆనవాయితీ. కాబట్టి రూటు మ్యాపు ముందే చూడొద్దు. ప్రాక్టీసు ట్యాంక్‌బండ్ మీద చెయ్యండి, బల్లపరుపుగా ఉంటుంది. కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న దారి పైకీ కిందికీ పోతుంది, అనవసరంగా అలవాటైపోతుంది.

మొదటి అయిదు కిలోమీటర్లూ తరుముకొచ్చినట్టు పరుగెత్తండి. ఎత్తు మీద పోయే టైముకి ఇక్కడే నాలుగు నిమిషాలు వెనకేసుకోవాలి. అవి పంజాగుట్ట దాకా కూడా మిగలవనుకోండి. జీతం మాత్రం నెలాఖరు దాకా మిగులుతోందా?

ఎత్తు మొదలవగానే కళ్ళు వాచీకి అప్పగించండి. కిలోమీటరుకి ఆరు నిమిషాలు అనుకున్నారా, కొండొచ్చినా కోనొచ్చినా ఆరే. ఊపిరి ఒకే తీరుగా ఉంటే చాలు, వేగం తగ్గినా ఫరవాలేదనే బాపతు జనం ఉంటారు. పక్కవాడితో మాట్లాడగలిగేంత తీరిగ్గా ఎక్కాలట! మాట్లాడుకోవడానికి ఇరానీ హోటళ్ళున్నాయి కదా.

కిందటేడు ఫ్లైఓవర్ ఎక్కుతుంటే అలాంటి పెద్దావిడ ఒకావిడ తగిలింది. అరవై దాటి ఉంటాయి. ముతక నూలుచీర కుచ్చిళ్ళు పైకి దోపి, కింద నారింజ రంగు బూట్లు. జడలో మల్లెపూల దండ ఇంకా వాడలేదు. మిషను కుట్టినట్టు చిన్న చిన్న అడుగులు. డప్పులవాళ్ళు కనబడగానే ఆగి, రెండు చిందులేసి, మళ్ళీ బయల్దేరింది. నేను రొప్పుతూ దాటిపోతుంటే, "మెల్లగా నాయనా, కొండేమీ పారిపోదు" అంది. ఆవిడ వరస అలిపిరి మెట్లెక్కేవాళ్ళ వరస. 3,550 మెట్లు కదా అని మధ్యమధ్య కూర్చుంటారు, గోవిందా అంటారు, పులిహోర పొట్లం విప్పుతారు. మనకి అలాంటివి పనికిరావు. జూబ్లీహిల్స్‌లో ఆవిడ నన్ను దాటేసిందంటే, నా బూటు లేసు ఊడిందని ఆగాను కాబట్టి. (లేసు గట్టిగానే ఉంది. వంగి కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను.)

మంచినీళ్ళ బల్లల దగ్గర ఆగకండి. కాలేజీ పిల్లలు చెయ్యి చాపి "అంకుల్, కమాన్!" అని అరుస్తారు. ఆ చేతిని తడితే నవ్వొస్తుంది, నవ్వితే వేగం తగ్గుతుంది. తలెత్తితే ఇంకా ప్రమాదం. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న ఆ నల్లరాతి గుట్టలూ, వాటి వెనక పొద్దూ కంటబడి మనసు పాడవుతుంది.

దిగుడు దారి వచ్చిందా, ఇక మీ ప్రతాపం చూపించండి. ఒళ్ళు వెనక్కి వాల్చి, అంగలు చాచి, మడమ ముందు పడేలా దబదబా దిగాలి. ఇలా దిగితే తొడ ముందు కండరాలు ఓ పక్క సాగుతూనే ఒంటి బరువంతా ఆపాల్సి వస్తుంది. లోపల సన్నగా చిరుగుతాయి. నొప్పి ఆ రోజు తెలియదు, రెండో రోజుకి ముదురుతుంది. పండగంటే ఒక్కరోజుతో అయిపోతే ఏం బావుంటుంది?

నాకు మంగళవారం దాకా నడిచింది. ఆ పొద్దున లిఫ్టు పనిచెయ్యలేదు. మూడో అంతస్తు నుంచి రెయిలింగు రెండు చేతులా పట్టుకుని, వెనక్కి తిరిగి, ఒక్కో మెట్టే దిగుతున్నాను. కింద వాచ్‌మన్ బకెట్టు పక్కన పెట్టి చూస్తున్నాడు. "ఏంది సారూ, ఉల్టా దిగుతున్నవ్?" అన్నాడు.

"వచ్చే ఏటికి ప్రాక్టీసు" అన్నాను.