చూరు కింద టీ

మా రోజుల్లో టీ పాక వేయాలంటే ముందు చెట్టు చూసుకునేవారు. చింతో, మర్రో, రావో కనిపిస్తే మధ్యాహ్నం దాని నీడ ఎటు పడుతుందో గమనించి, అప్పుడు నిట్రాడ పాతేవారు. ఇప్పుడు ముందు చెట్టు కొడుతున్నారు, తర్వాత షెడ్డు వేస్తున్నారు, ఆ తర్వాత ఉక్క అని ఏసీ పెడుతున్నారు. శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం దాకా పెద్దరోడ్డు పొడుగునా ఇదే వరస. చూస్తే ఒళ్లు మండుతుంది.

పాక కట్టడానికి ఓ పద్ధతుండేది. పడమటి గోడ మట్టితో మందంగా, కిటికీ లేకుండా పెట్టేవారు, ఎండాకాలం వడగాలి అటునుంచే కదా. తూర్పు పక్క తెరిచి వదిలేవారు, సముద్రపు గాలి తిన్నగా బల్లల మీదికొచ్చేది. తల వంచితే గాని లోపలికి పోలేనంత కిందికి చూరు దించేవారు. వాన జల్లు మట్టిగోడకు తగలకూడదు మరి. పొయ్యి పాక లోపల ఉండేది కాదు, కప్పుకు నిప్పురవ్వ ఎగరకుండా గాలివాలుకు దిగువన వేరే పందిరి. కొన్నేళ్లకోసారి తాటికమ్మలు మార్చాల్సిందే, ఆ పని తప్పదు. పాతకమ్మలు ఆ పొయ్యిలోకే పోయేవి.

తీరపు పల్లెల్లో చుట్టిళ్లుండేవి. గుండ్రటి మట్టిగోడ, మీద కోసుగా దిగే తాటాకు కప్పు. మూలలు లేవు కాబట్టి తుపాను గాలికి పట్టు దొరకదు, చుట్టూ జారిపోతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ జీడితోటల్నీ నేలకూల్చింది. అలాంటి గాలులు తిరిగే నేల మీద రేకులు వేసి, వాటికి ప్లాస్టిక్ ఆకులు అంటించి 'విలేజ్ లుక్' అంటున్నారు. ఎగిరిన రేకు మనిషి పీక కోస్తుంది, బాబూ!

ఈమధ్య ఒకచోట ఎర్ర లాంతర్లు కట్టి చైనా టీ హౌస్ అని బోర్డు పెట్టారు. చుట్టూ అద్దాలు, బయట కాంక్రీటు. చైనావాళ్లు అలా కట్టారా? షాంఘైలో 1784లో చెరువు మధ్య కట్టిన హూషిన్‌టింగ్ మండపం 1855 నుంచి టీ అంగడిగా నడుస్తోంది. దాన్ని చేరాలంటే వంకర్లు తిరిగే వంతెన మీద నీళ్లు చూసుకుంటూ నింపాదిగా నడవాలి. తోటల నిర్మాణం మీద 1631లో 'యువాన్ యే' రాసిన జీ చెంగ్, దూరపు కొండనూ పక్క చెట్టునూ మన ఆవరణలోకి అరువు తెచ్చుకోవడమే అన్నిటికన్నా ముఖ్యమన్నాడు. మందస దగ్గర టీ పాక వేసిన మావాళ్లు ఆ పుస్తకం చదవలేదు. అయినా మహేంద్రగిరి ఎదురుగా కనబడేలా బల్ల వేశారు.

రోడ్డు పక్కన టీ కొట్టు పెట్టబోయే కుర్రాళ్లకు ఒక్క మాట. చెట్టు ఉంచండి. కమ్మ కప్పడం తెలిసిన ముసలాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్లుండగానే పిలిచి, కూలిచ్చి కప్పించుకోండి, పక్కన నిలబడి నేర్చుకోండి.