కొండముచ్చు ఆసనం

నడుంనొప్పి పట్టుకున్నాక నేనెక్కడికెళ్ళినా మధ్యలో కన్నమున్న దిండొకటి నా వెంటే వస్తోంది. శ్రీశైలంలోనూ దాని మీదే కూర్చుని సత్రం కిటికీలోంచి చూస్తున్నాను. ఎదురుగా చింతకొమ్మ మీద ఓ కొండముచ్చు. గంటలో నేను పదకొండుసార్లు కదిలాను. అది ఒక్కసారీ కదల్లేదు.

దానికీ దిండుంది లెండి. పిర్రల కింద, సరిగ్గా ఎముక ఆనేచోట, గట్టి చర్మంతో రెండు కాయలు. పుట్టుకతో వచ్చినవి, జీఎస్టీ లేదు. వాటి మీద బరువు మోపి రాత్రి కొమ్మ మీద కూర్చునే నిద్రపోతుంది. కోతిజాతికి గెంతడమే పని అని మనం అపవాదు వేశాం గానీ, కొండముచ్చు పగటిపూటా చాలాసేపు కూర్చునే గడుపుతుంది. తినేది ఎక్కువగా ఆకులు. గదులు గదులుగా ఉన్న పొట్టలో అవి పులిసి అరగాలంటే తీరిక కావాలి. అదే పని మా ఆఫీసులో చేస్తే బద్ధకం అంటారు.

చెట్ల విషయంలో నాకూ కొంత అనుభవం ఉంది. తొమ్మిదో ఏట కోతికొమ్మచ్చి ఆడుతుంటే "నీ అంతవాడు లేడురా" అని స్నేహితులు నన్ను మునగచెట్టు ఎక్కించారు. అలంకారం కాదు, నిజంగా మునగచెట్టే. సినిమాలో చూసినట్టు చేతులతో కొమ్మ పట్టుకుని ఊగాను. కొమ్మా నేనూ కలిసే దిగాం. అలా ఊగుతూ సాగడం అస్సాం అడవుల్లోని హూలాక్ గిబ్బన్ల విద్య అనీ, వాటికి తోకే ఉండదనీ, కొండముచ్చు మాత్రం బుద్ధిగా కొమ్మ పైన నాలుగు కాళ్ళ మీద నడిచి, ఖాళీ అడ్డొస్తే వెనకకాళ్ళతో తన్ని దూకుతుందనీ పిండికట్టు విప్పిన చాలా ఏళ్ళకు తెలిసింది. సన్నకొమ్మల్లోకి వెళ్తే రెండు మూడు కలిపి పట్టుకుని బరువు పంచుతుంది. నేను ఒక్కదాన్నే నమ్ముకున్నాను.

ఇక తోక. ఒంటికన్నా పొడుగు, అయినా కొమ్మను చుట్టి పట్టుకోలేదు. ఆ వైభవం దక్షిణ అమెరికా స్పైడర్ మంకీది. దాని తోక కొసన లోపలివైపు మన వేలిముద్రల్లాంటి గీతలు కూడా ఉంటాయి. మనదానికి తోక తూకానికే.

ప్రహరీ మీద నడుస్తున్న గుంపును చూసి మా ఆవిడ, ఆదిలాబాద్ ఆడపడుచు, "గిదేంది, ఈడ కొండెంగల తోకలు ఎనక్కి వంగినయ్? మా దిక్కు తల మీదికి వంగుతయ్" అంది. పుట్టింటి గొప్ప అనుకుని నవ్వాను. ఫోన్లో వెతికితే, సుమారుగా తపతి, గోదావరి నదులకు ఉత్తరాన తోక ముందుకి, దక్షిణాన వెనక్కి అని తేలింది. ఫోన్ జేబులో పెట్టుకుని మాట మార్చాను.

ఇంతలో మన కొండముచ్చు లేచింది. కొమ్మ కొసదాకా నడిచి, దూకి, పక్క రావిచెట్టు చేరి మళ్ళీ కూర్చుంది.

నేను దిండు సర్దుకున్నాను. పన్నెండోసారి.