మా మావయ్య, ఓగ్బెచే, ఏరియర్స్

భిలాయిలో ఫుట్‌బాల్ చూసే తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నా, వాళ్లందరి తరఫునా మాట్లాడేది మా మావయ్య ఒక్కడే. స్టీల్ ప్లాంటులో రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. వయసులో ఉండగా టెక్కలి పక్క పల్లె నుంచి కొలువు కోసం వచ్చినవాడు, మళ్లీ వెనక్కి పోలేదు. పొద్దున సెక్టార్ 5 బాలాజీ గుడి, సాయంత్రం సివిక్ సెంటర్లో టీ. హైదరాబాదులో కాపురమున్నది లేదు. అయినా 2019లో పుణె సిటీ క్లబ్బు మూతపడి, దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చిందని తెలిసిన క్షణం నుంచి అది "మన టీము".

ఆ టీము మాట ఎత్తితే ఆయనకు గుర్తొచ్చేది ఒక్కడే, ఓగ్బెచే. "డబ్బు కోసం పోనాడ్రా అల్లుడూ, డబ్బు కోసం!" అంటాడు. ఆ తర్వాత టీ చల్లారిపోవాల్సిందే.

బార్తొలోమ్యూ ఓగ్బెచే ఎవరో మీకు తెలియకపోతే ఆయన చెబుతాడు. తెలిసినా చెబుతాడు. నైజీరియా స్ట్రైకరు, 2002 ప్రపంచ కప్పు ఆడినవాడు. ఇండియన్ సూపర్ లీగ్‌లో నార్త్‌ఈస్ట్‌కు 12 గోల్స్, కేరళ బ్లాస్టర్స్‌కు 15, ముంబైకి 8, హైదరాబాదుకు మొదటి ఏడు 18, రెండో ఏడు 10. వెరసి 63. ఇవన్నీ మావయ్యకు నోటి లెక్కలే. ఇంటి కరెంటు బిల్లు ఎంతొచ్చిందో మాత్రం అత్తయ్యని అడగాలి.

"అయిదు సీజన్లలో నాలుగు చొక్కాలు! పండక్కొచ్చిన కొత్తల్లుడు కూడా ఇన్ని మార్చడు" అని ఆయన బాధ. ఆ నాలుగో చొక్కా మనదే అయినప్పుడు మాత్రం ఈ బాధ కనబడలేదు. 2022 మార్చి 20న ఫతోర్డాలో కేరళ మీద పెనాల్టీల్లో గెలిచి కప్పు కొట్టిన రాత్రి, ముంబైని వదిలి వచ్చిన ఓగ్బెచే మహా వివేకి. మర్నాడు టీకొట్టు దగ్గర జిలేబీ పంచాడు కూడా. మన దగ్గరికి వస్తే వివేకం, మన దగ్గర్నుంచి పోతే ద్రోహం. మావయ్య న్యాయశాస్త్రం మొత్తం ఇంతే.

ఈ కోర్టులో ఎదుటి లాయరు పక్క క్వార్టరు దాదా. పుట్టుకతోనే ఈస్ట్ బెంగాల్ మనిషి. "రావ్ సాబ్, మీ హైదరాబాద్ హబీబ్ సంగతేమిటి? మా దగ్గర ఆడాడు, మోహన్ బగాన్‌కి ఆడాడు, మహమ్మడన్‌కీ ఆడాడు. ఆయనా ద్రోహేనా?" అంటాడు. మావయ్య చెవులు మూసుకుంటాడు. ఆటగాళ్లంతా బ్యాంకుల్లోనో రైల్వేలోనో ఉద్యోగం పట్టుకుని ఆడే రోజుల్లో మహమ్మద్ హబీబ్ ఆటనే ఉద్యోగం చేసుకున్నాడు. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టాడు. అంతటివాడు టీములు మారితే అది "అనుభవం". ఓగ్బెచే మారితే "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం". దాదా ఇంకా గట్టిగా అడిగితే మావయ్య ఏకంగా స్పెయిన్ వెళ్లిపోతాడు. "బార్సిలోనా వదిలి రియల్ మాడ్రిడ్‌కి పోయిన ఫిగో మీద 2002లో పందితల విసిరారు. మనవాళ్లు? ఒక్క వంకాయైనా విసిరారా?"

అసలు జరిగిందేమిటో ఊరందరికీ తెలుసు. క్లబ్బు దగ్గర డబ్బుల్లేవు. జీతాల బాకీలు తీర్చలేదని కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. ఓగ్బెచే 2023లో వెళ్లాడు, ఆ వెనక మిగతావాళ్లూ ఒక్కొక్కరే సర్దుకున్నారు. చివరికి 2025లో క్లబ్బే ఢిల్లీ వెళ్లిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది. ఇంత జరిగినా మావయ్య దృష్టిలో దోషి ఆ స్ట్రైకరే. "జీతం ఆలస్యమైతే ఆటాపేస్తారేట్రా? జెర్సీ మీద ప్రేముండక్కర్లేదా?"

ఈ మాట ఆయన అన్నది ధర్నా నుంచి తిరిగొస్తూ. జేబుకి యూనియన్ బ్యాడ్జి ఇంకా ఉంది. 2017 జనవరి నుంచి 2020 మార్చి దాకా 39 నెలల వేతన సవరణ ఏరియర్స్ కావాలని ఉక్కు కార్మిక సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతున్నాయి. రిటైరైనా మావయ్య ఒక్క ధర్నా వదలడు. అడగడం న్యాయమే. "మరి ప్లాంటు మీద ప్రేమ?" అని దాదా అడిగితే, "అది వేరే ఇది వేరే" అని చెప్పుల కోసం వెతికాడు.

ఇక కొడుకు సంగతి. బెంగళూరులో సాఫ్ట్‌వేరు. కంపెనీ మారినప్పుడల్లా ఫోను ముందు మాకే వస్తుంది. "మళ్లీ మారాడ్రా! ముప్పై శాతం హైకు!" ఆ గొంతులో ఆనందం కప్పు గెలిచిన రాత్రికి ఏ మాత్రం తీసిపోదు. ఒకే కంపెనీలో పదేళ్లున్న దాదా కొడుకుని చూసి "పాపం, ఎదుగూ బొదుగూ లేదు" అని జాలిపడతాడు.

తనది మాత్రం పుట్టెడు విధేయత, ముప్పై అయిదేళ్లూ ఒకే గేటు అని చెప్పుకుంటాడు. అత్తయ్య పకోడీల పళ్లెం పెడుతూ, "వైజాగ్ స్టీల్ మొదలైనప్పుడు దరఖాస్తు పెట్టారు కదండీ, వాళ్లు పిలవలేదంతే" అంది. మావయ్య పకోడీల్లో ఉప్పు ఎక్కువైందన్నాడు.

ఇంత రుసరుసలాడే మనిషే సెక్టార్ 1 పంత్ స్టేడియం దగ్గర ఆడుకునే కుర్రాళ్లకి బూట్లు కొనిపెడతాడు, ఎవరికీ చెప్పడు. వాళ్లలో ఒకడికి స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వచ్చి టీము వదిలేస్తే ద్రోహి అనలేదు. దుర్గ్ స్టేషన్ దాకా వెళ్లి, దారిఖర్చు చేతిలో పెట్టి, "మంచి పని చేశావు, ఇంక్రిమెంటు వదులుకోకు" అని చెప్పి వచ్చాడు.

కాబట్టి నా తీర్పు: పెద్ద ఆఫరు రానివాడి విధేయతకి పరీక్షే జరగలేదు. అప్పటిదాకా మార్కులు వేయకూడదు. మీ వీధిలోనూ ఇలాంటి మావయ్య ఉండే ఉంటాడు. ఆయన స్ట్రైకర్ని తిట్టడం మొదలుపెట్టగానే వాదించకండి, వాళ్లబ్బాయి ప్యాకేజీ ఎంతో అడగండి. టీ డబ్బులు ఆయనే ఇస్తాడు.