పార్కు మైకుకు టీకా తాత్పర్యం

అవతారిక: ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని కోలాచల మల్లినాథసూరి నియమం పెట్టుకుని కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాశాడు. కొనుగోలు ఫైళ్లకు మాత్రం అంతటి వ్యాఖ్యాత దొరకలేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ పార్కు ఫైలులోనైనా ఒదిగిపోయే ఒక కల్పిత వాక్యాన్ని తీసుకుని ఆ లోటు తీర్చే ప్రయత్నమిది.

మూలం: పార్కు సిబ్బందికి వాకీటాకీలు, సందర్శకులకు మైకు, తగు సంఖ్యలో కొనవలెను.

ప్రతిపదార్థం: సిబ్బందికి = గేటు దగ్గర టిక్కెట్లు చింపే మనిషికి, మొక్కలకు నీళ్లు పెట్టే మాలికి, రాత్రి వాచ్‌మన్‌కు; వాకీటాకీలు = నడుస్తూ మాట్లాడుకునే సాధనాలు, పోలీసుల వాడుకలో సెట్లు; సందర్శకులకు = పొద్దున నడకకు, సాయంత్రం పిల్లల ఉయ్యాలకు వచ్చేవారికి; మైకు = లక్షణార్థంలో గోడ మీది బూర; తగు సంఖ్యలో = ఎన్నో ఫైలుకే తెలియదు; కొనవలెను = విధ్యర్థకం, కర్త లుప్తం.

శంక: అందరి జేబుల్లోనూ సెల్లుండగా సెట్టెందుకు?

సమాధానం: సెల్లు మామూలుగా ఒకరిని పిలుస్తుంది. సెట్టు మీట నొక్కితే ఆ చానల్లో ఉన్నవారందరికీ ఒకేసారి వినబడుతుంది, నంబరు వెతుక్కునే పని లేదు. అయితే చవగ్గా దొరికిందని ఏదో ఒకటి కొంటే చిక్కే. మన దేశంలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే అల్పశక్తి సెట్లకు 2018 నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. పరికరానికి ఈటీఏ అనే ఆమోదపత్రం మాత్రం ఉండాలి. ఈ వివరాలు దాచి అమ్ముతున్నారని 2025 మే నెలలో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 ఆన్‌లైన్ అంగళ్లకు నోటీసులిచ్చింది. ఊరి పార్కు ఈ మూల నుంచి ఆ మూలకు అల్పశక్తి చాలు.

విశేషం: పార్కులో మైకు కొత్తది కాదు. ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1930లో మద్రాసు కార్పొరేషన్ సొంతంగా రేడియో ప్రసారాలు మొదలుపెట్టి, మెరీనాలోనూ పార్కుల్లోనూ లౌడ్‌స్పీకర్లు కట్టించి జనానికి పాటలు వినిపించింది. 1938లో ఆలిండియా రేడియో వచ్చేదాకా నగరానికి అదే దిక్కు. ఆ మైకుకు జవాబు వినే పని లేదు. విజయనగరం గంటస్తంభం లాంటిదే. 1885 నుంచి టైము చెబుతోంది, ఎవరి మాటా వినదు.

ఇప్పటి మైకుకు హద్దులున్నాయి. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం అనుమతి పత్రం లేనిదే లౌడ్‌స్పీకరు పెట్టకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిషేధం. ఇళ్ల మధ్య ప్రాంతానికి పగటి పరిమితి 55 డెసిబెళ్లు. ఇక టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు గుడ్లు పెట్టే చెట్ల కింద బూర ఊహకే అనౌచిత్యం. అక్కడ కావలివాడికి సెట్టు, వచ్చినవారికి బోర్డు.

ఉదాహరణ: ఆఫీసు గదిలోంచి మైకు పలికింది: ఎర్రగౌను పాప ఇక్కడుంది, తాలూకావారు రావాలి. చెరువుగట్టు బెంచీ మీది మామ్మకు చివరి ముక్కే చేరింది. పక్కనే పాదులు తీస్తున్న మాలిని అడిగింది: "ఏటంతన్నాడు బాబూ? ఇనబడనేదు." (లేదు, నేదు అగుట కళింగాంధ్ర ప్రయోగం.) మాలి చేతిలో పారుంది, సెట్టు లేదు. సెట్టు మేనేజరు బల్ల మీద ఉంది.

తాత్పర్యం: మూలంలోని సెట్టూ మైకూ ద్వంద్వ సమాసం, విడదీస్తే అర్థం చెడుతుంది. మైకు చెప్పాలి, బదులు సెట్టు తేవాలి. కనుక తగు సంఖ్య అంటే అధికారుల సంఖ్య కాదు. గేటుకొకటి, చెరువుగట్టుకొకటి, ఆటస్థలానికొకటి, మైకు గదికొకటి, చెడితే మార్చడానికొకటి. చార్జర్ల మాట మూలంలో లేదు. వ్యాఖ్యాత అధ్యాహారం చేసుకున్నాడు.