గ్రంథఋణ విమోచన వ్రతము

పంచాంగములలో కానరాని క్రొత్త వ్రతమొకటి కొన్నియేండ్లుగా మన చదువరులలో ప్రబలినది. జనవరి మొదటి తేదీన ప్రాతఃకాలమున, స్నానమైనను చేయకమునుపే, అలమరలోను మంచము క్రిందను అటకపైనను పేరుకొనియున్న చదువని పుస్తకముల నన్నిటిని వెలికిదీసి, దుమ్ము దులిపి, లెక్కించి, పట్టిక వ్రాసి, "వీనినన్నిటిని పూర్తిచేయువఱకు క్రొత్త పుస్తకము కొననే కొనను" అని బంధుమిత్రుల యెదుట సంకల్పము చెప్పుకొనుట యీ వ్రతమునకు ప్రథమాంగము. ఆ పట్టికకు ఛాయాచిత్రము తీసి పదిమందికి పంపుట ద్వితీయాంగము. చదువుట యనునది కూడ ఈ వ్రతములో నున్నదని కొందఱందురు గాని, అది ప్రధానాంగమో ఉపాంగమో యింకను నిర్ణయము కాలేదు.

విఘ్నములు కూడ ఆ దినములలోనే పొంచియుండును. 1989లో మొదలైన విజయవాడ పుస్తక మహోత్సవము సాధారణముగా జనవరి తొలిదినములలోనే తెరచుకొనుటచేత, సంకల్పమునకు విడిచిన నీటి తడి యరచేతిలో ఆరకముందే మన వ్రతి యొకచేత సంచియు వేఱొకచేత పట్టికయు పట్టుకొని యంగళ్ళ వరుసలలో ప్రత్యక్షమగును. అడిగినచో, కొనుటకు రాలేదనియు, చూచిపోవుటకే వచ్చితిననియు చెప్పును. తిరిగివచ్చునపుడు సంచి బరువును చూపి ప్రశ్నించినచో, "ఇది కొనుట కాదు, సంపుటములు పూరించుట, మూడవ భాగము లేక మొదటి రెండు భాగములును చదువుట యెట్లు?" అను ధర్మసూక్ష్మము వెలువడును. ఆ మొదటి రెండు భాగములు కొన్ననాటినుండి యట్టవిప్పి చూడబడలేదన్న సంగతి ఆయన గృహిణికి తెలియును గాని, ధర్మసూక్ష్మములయందామె జోక్యము కల్పించుకొనదు. హైదరాబాదు వ్రతులకైతే ఈ యాపద యేటికొకమాఱు గాక వారమునకొకమాఱు. ఆదివారమునాడు ఆబిడ్సులో మూసియున్న దుకాణముల ముంగిట కాలిబాటలపై పఱచిన పాతపుస్తకములను దాటిపోవలసివచ్చిన యెడల విశ్వామిత్రునకు మేనకతో పనియే లేకపోయెడిది.

పోగు పెరుగుటకు కొనుగోలొక్కటే కారణమనుకొనుట సగము సత్యము. తెలుగువారి యిండ్లలోని చదువని పుస్తకములలో పెద్దపాలు దానరూపమున లభించినవి. మనలో కవియైనవాడు తఱచుగా తానే ప్రకాశకుడు, తానే విక్రేత, తుదకు తానే దాత. అచ్చువేయించిన ప్రతులు నడవయంతయు నాక్రమించి ఇంటివారు గోడవెంట నడువవలసివచ్చినపుడు, ఆయన చేతిసంచితో సభలకు బయలుదేఱి, పరిచితులకును అపరిచితులకును "సహృదయులకు సాదరముగా" అని సంతకముచేసి యొసగుచు, అమూల్యాభిప్రాయమును తెలుపవలసినదిగా చేతులు పట్టుకొనును. అట్టి పుస్తకమును చదువనులేము, పాతకాగితములవానికి వేయనులేము. వేసినచో అది యే యాదివారముననో ఆ కాలిబాటపైననే, మన పేరుతో, ఆయన సంతకముతో, ఆయన కంటనే పడును. సన్మానములలో వచ్చిన శాలువలును ఇట్లే పోగగును గాని, శాలువ తనపై అభిప్రాయము వ్రాయుమని యెవ్వరిని పీడింపదు.

నిజమునకు చదువని పుస్తకమును గూర్చి మన సమాజమున కెన్నడును ఇంత బెంగ లేదు. పుస్తకావిష్కరణ సభలను చూడుడు. అధ్యక్షుడు, ఆవిష్కర్త, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి — వీరిలో రంగుకాగితము విప్పినపుడే పుస్తకమును తొలిసారిగా చూచినవారెవరో వెనుకవరుసలోని పసిబిడ్డయైనను చెప్పగలదు. అయినను ప్రతివారును అరగంటకు తగ్గకుండ ప్రసంగింతురు. ఒకరు కవితో తమకు గల స్నేహమును, మఱొకరు కవి తండ్రిగారితో తమకు గల స్నేహమును, వేఱొకరు ముఖచిత్రమును ప్రశంసింతురు. సమయాభావముచేత గ్రంథములోనికి పోలేకపోవుచున్నానని విచారము వెలిబుచ్చుట సమీక్షకుని వంతు. ఈ మర్యాదలో ఒక నిర్మలత్వము కలదు: ఎవరును చదువలేదు, చదివినట్లు ఎవరును లెక్క చూపలేదు. లెక్క చూపవలెనను దుర్బుద్ధియే క్రొత్తది.

చదువని పుస్తకము అప్పు అను భావము ఈ దుర్బుద్ధికి మూలము. అప్పును గూర్చి మన పెద్దలకు తెలియక కాదు. మనుష్యుడు మూడు ఋణములతో పుట్టుననియు, అందు ఋషిఋణము అధ్యయనముచే తీరుననియు వేదకాలమునాడే చెప్పియున్నారు. అయితే ఆ ఋణమునకు వాయిదాలు కట్టినవారు గాని, ఏడాది చివర ఖాతా మూసి చెల్లుచీటి యడిగినవారు గాని లేరు. నేటి వ్రతికి పుస్తకము బాకీ, చదివిన పుట జమ. ప్రతిరాత్రియు నలువది పుటలు జమకట్టనిదే ఆయనకు నిద్రపట్టదు. నలువదవ పుట వాక్యమధ్యమున ముగిసినచో మిగిలిన వాక్యమును మఱునాటికి వాయిదావేయును. కథానాయిక నూతిగట్టుపై నిలిచియున్నను సరియే, ఆనాటి కిస్తీ తీరినది గనుక దీపమార్పును.

ఈ పద్ధతిలో ఆంధ్రమహాభారతమునకు పట్టిన గతిని కొంచెము నిలిచి చూడవలెను. 11వ శతాబ్దమున నన్నయ ఆరంభింపగా, 13వ శతాబ్దమున తిక్కన విరాటపర్వము మొదలు పదునైదు పర్వములు రచింపగా, నడుమ మిగిలిపోయిన అరణ్యపర్వశేషమును 14వ శతాబ్దమున ఎఱ్ఱన పూరింపగా, ముగ్గురు మహాకవుల చేతులమీదుగా దాదాపు మూడు శతాబ్దములకు సమగ్రమైన గ్రంథమును మన వ్రతి 18 దినములలో చెల్లువేయ నిశ్చయించును. దినమునకొక పర్వము, యుద్ధమే పదునెనిమిది దినములలో ముగిసినపుడు చదువు ముగియదా యని ఆయన వాదము. స్త్రీపర్వమున గాంధారి విలపించుచుండగా ఆయన గడియారము చూచుకొనును. స్త్రీపర్వమున గాంధారి విలపించుచుండగా ఆయన గడియారము చూచుకొనును. యాదవవంశమంతయు పరస్పరము నఱకుకొని నశించు మౌసలపర్వము వచ్చినపుడు, అది మిక్కిలి చిన్నదని కనుగొని సంతోషించును. ముగించిన రాత్రియే గుడ్‌రీడ్స్ పద్దులో తిక్కనాదులకు అయిదింట మూడు నక్షత్రములు ప్రసాదించి, పాత్రలు మిక్కుటమనియు మధ్యభాగమున సాగదీత కలదనియు ఒక వ్యాఖ్య జోడించి, ఇంకొక గీటు పెట్టి నిద్రించును.

మార్గశిరము వచ్చుసరికి పట్టికలో సగము మిగిలియే యుండును. అపుడు వ్రతి బుద్ధి సూక్ష్మమగును; ఆయన పుస్తకముల దళసరిని వ్రేళ్ళతో కొలువ నారంభించును. లెక్కకు 'వేయిపడగలు' ఒక పుస్తకము, 'సుమతీ శతకము'ను ఒక పుస్తకమే యను పరమసత్యము డిసెంబరు మాసముననే స్ఫురించును. అందుచేత భక్తి, నీతి, శృంగార భేదము పాటింపక శతకములన్నియు ఆ నెలలోనే తీరిపోవును. రాజసేవను నిందించి ధూర్జటి పరితపించిన శతకము భోజనమునకును కాఫీకిని నడుమ చెల్లును. చదువుటకును తీఱికలేనివారు చెవులకు తీగెలు తగిలించుకొని, చదివి వినిపించు పుస్తకములను రెట్టింపు వేగమున నడపించుచు కూరలు తఱుగుదురు. ఆ వేగమున పోతన గజేంద్రుని మొఱ రైలు తప్పిపోవుచున్న ప్రయాణికుని కేకవలె వినబడును. గ్రంథసారమును పదునైదు నిమిషములలో చెప్పెడి యాపులను గూర్చి చెప్పుటకు నాకు అన్ని నిమిషములు లేవు.

పుస్తకమును చదువక యుంచుటలో దోషమున్నదని నేను నమ్మను. వదలించుకొనుటకై చదివిన పుస్తకమునకే నిజముగా అన్యాయము జరిగినది. ఏలయన, చదువనిదానిని ఏనాడో యొకనాడు తెఱతుము గాని, 'పూర్తి' యని గీటు పెట్టినదానిని మఱల ముట్టము.

తైత్తిరీయ బ్రాహ్మణమున భరద్వాజుని కథ యొకటి కలదు. ఆయన మూడు పురుషాయుషములు వేదాధ్యయనముననే గడపెను. జీర్ణించి శయనించియున్న ఋషిని ఇంద్రుడు సమీపించి, నాల్గవ యాయువు నిచ్చినచో నేమి చేయుదువని యడుగగా, మఱల అధ్యయనమే చేయుదునని ఆయన బదులు చెప్పెను. అపుడింద్రుడు ఆయన మున్నెన్నడు నెఱుగని మూడు కొండలను చూపి, ఒక్కొక్కదానినుండి ఒక్కొక్క పిడికెడు తీసి, ఈ కొండలే వేదములనియు, వానికి అంతము లేదనియు, ఇంతకాలము నీవు చదివినది యీ పిడికిళ్ళనియు తెలిపెను. ఇందు నన్ను ముగ్ధుని చేయునది ఋషి బదులు. ఇంకను ఎంత మిగిలినదని ఆయన యడుగలేదు. ఆ స్థానమున మన వ్రతి యుండినచో, కొండల యెత్తును కొలిపించి, పిడికెడు పరిమాణముతో భాగించి, ఏడాదికెన్ని పిడికిళ్ళు త్రవ్వవలెనో నిర్ణయించి, ఆ పట్టిక ఛాయాచిత్రమును మొట్టమొదట ఇంద్రునికే పంపియుండును. పిమ్మట ఇంద్రుడు సావిత్రాగ్నివిద్య నొక్కదాని నుపదేశించి ఋషిని గట్టెక్కించెను గనుక, గ్రంథసంక్షేపమునకు ఆద్యుడింద్రుడే యని యాపులవారు ప్రకటించుకొనినను నాకాశ్చర్యము లేదు.

ఈ వ్రతమును ధిక్కరించువారు కూడ లేకపోలేదు. ఇటలీ రచయిత ఉంబెర్తో ఎకో ఇంటిలో చదువని గ్రంథములు వేలకొలది యుండెననియు, చదివినవానికంటె చదువనివియే విలువైనవనియు వీరు వాదింతురు. ఈ వాదమును 2007లో 'ది బ్లాక్ స్వాన్' అను గ్రంథమున నసీమ్ తాలెబ్ ప్రచారమునకు తెచ్చెను. దీనిని ఉదాహరించువారిలో ఎకోను చదివినవారు కొందఱు, తాలెబును చదివినవారు మఱికొందఱు, ఇద్దఱిని చదువనివారు పెక్కుమంది. సిద్ధాంతము ప్రకారము ఈ మూడవవారే విజ్ఞులు.

గ్రంథాలయశాస్త్రమున కాచార్యుడైన ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రములలో, ప్రతి పాఠకునికి తన పుస్తకము లభింపవలెననియు, ప్రతి పుస్తకమునకు తన పాఠకుడు లభింపవలెననియు రెండు సూత్రములున్నవి. ప్రతి పాఠకుడును ప్రతి పుస్తకమును ముగింపవలెనను ఆఱవ సూత్రము పాపము ఆయనకు తోచలేదు. మన యలమరలో చిక్కుకొనియున్న పుస్తకమునకు అసలు పాఠకుడు ప్రక్కవీధిలోని విద్యార్థియేమో! 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభను కూర్చిన అయ్యంకి వెంకటరమణయ్యగారి తరమువారు పుస్తకములు ఊరూర చేతులు మాఱుటకే పాటుపడిరి. వ్రతి మాత్రము ఆ పుస్తకమును గ్రంథాలయమున కీయడు. ఇచ్చినచో అది జమ క్రిందికి రాదు. అసంపూర్ణమనిన ఆయనకు అంత భయము. 1923లో కన్నుమూయునప్పటికి కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి విజ్ఞానసర్వస్వము అకారమును దాటలేదు. అయినను తెలుగువారు ఆయనను నేటికిని తలచుకొందురు. క్షకారమువఱకు గీట్లు పెట్టిన వ్రతిని తలచుకొనుటకు మఱుసటి జనవరిలో ఆయనయే యుండవలెను.

వ్రతము మానుడని చెప్పినచో వినెడివారు కారు గనుక, శాస్త్రసమ్మతమైన ఉపాయమొకటి సూచింతును. చదువునకు నిషిద్ధమైన వేళలు మనుస్మృతి నాల్గవ అధ్యాయమున విపులముగా చెప్పబడినవి. అవి వేదాధ్యయనమును గూర్చినవే; అయినను ఇంత నిష్ఠగలవారు వానిని పుస్తకములన్నిటికి అన్వయించుకొనినచో తప్పుపట్టువారు లేరు. అమావాస్య, పూర్ణిమ, అష్టమి, చతుర్దశులలో చదువరాదు. నెలకు ఆఱు దినములు గడచినవి. ఉఱుములు మెఱుపులతో వాన కురియుచుండగా చదువరాదు. పరుండి చదువరాదు, మాంసము భుజించి చదువరాదు. ఈ రెండింటితో ఆదివారపు మధ్యాహ్నములన్నియు గడచినవి. కుక్కలును గాడిదలును ఒంటెలును అఱచుచుండగా చదువరాదు. మా వీధిలో రాత్రి పదిగంటలు మొదలు కోడికూతవఱకు కుక్కలు ఊపిరి త్రిప్పుకొనుట నేనెఱుగను. కావున వ్రతులు పట్టికలో 'అనధ్యాయము' అని యొక గడిని చేర్చుకొనినచో, డిసెంబరు 31 నాటికి మిగిలిన బాకీనంతయు ధర్మశాస్త్రమే రద్దుచేయును. మా ప్రాంతమున గాడిదలు ఇటీవల తగ్గినవి, ఒంటెలు మొదటినుండియు లేవు, కుక్కలే చాలును.