బొమ్మల సినిమా మీద పంచాయితీ

అల్లవరంలో మా అక్కావాళ్లింట్లో పెద్ద విషయాలు చిటికెలో తేలిపోతాయి. కొబ్బరి దింపు ఎప్పుడు పెట్టించాలి, చేపల చెరువు ఎవరికి లీజుకివ్వాలి, ఏ పెళ్లిలో ఎంత చదివించాలి, ఇవన్నీ కాఫీ చల్లారేలోపు అయిపోతాయి. 2025 శ్రావణంలో మాత్రం ఒక విషయం మూడు పూటలు సాగింది. "మహావతార్ నరసింహ" అనే బొమ్మల సినిమాకి పిల్లాణ్ణి తీసుకెళ్లొచ్చా, కూడదా?

అడిగినవాడు మా మేనల్లుడు. ఎనిమిదేళ్లు. అడ్డుపడ్డది వాడి నాన్న, మా బావగారు. "అదేదో ఫాంటసీ అంటున్నారు. పైగా చివర్లో పేగులు తీసే సీనుంటాదంట. పిల్లలు జడుసుకుంటారు. ఇంటిల్లిపాదీ చూడ్డానికి పనికొస్తాదో లేదో కనుక్కోవాలా వద్దా? ఆయ్" అన్నారు, పడక్కుర్చీలో వెనక్కి వాలి, తీర్పు చెప్పేవాడిలా.

ఇదే న్యాయాధికారి ఏడు నెలల కిందట, డిసెంబరు చలిలో, ఇదే పిల్లాడికి స్వెట్టరు తొడిగి "పుష్ప 2" సెకండ్ షోకి ఎత్తుకెళ్లారు. 3 గంటల 20 నిమిషాల సినిమా. ఇంటర్వెల్ దాటాక వాడు ఒళ్లో జోగుతుంటే "ఫైటు పోద్దిరా, లే" అని బుగ్గ గిల్లి మరీ లేపారు. కాళ్లూ చేతులూ కట్టేసిన హీరో క్లైమాక్సులో పళ్లతో ఏం చేశాడో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ రోజు పిల్లలకి పనికొస్తుందా అని ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. ఆ ఇంట్లో అప్పుడు పుట్టిన ప్రశ్న ఒకటే. టికెట్లు దొరుకుతాయా?

మనిషి కొరికితే మాస్, సింహం చీరితే హింస. ఈ లెక్క నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

బావగారి విచారణ మాత్రం పకడ్బందీగా నడిచింది. ముందు మస్కట్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్. కోనసీమలో ఏ ఇంటి నిర్ణయానికైనా గల్ఫులో ఒక ఓటు ఉంటుంది కదా. ఆయన సినిమా చూడలేదు గానీ అభిప్రాయం ఉంది: "హీరో ఎవరన్నయ్యా?" హీరో లేడని, ఉన్నవన్నీ కంప్యూటరు బొమ్మలని చెప్తే, "బొమ్మలకా అంత టికెట్టు!" అన్నాడు. తర్వాత అమలాపురంలో సెల్‌ఫోన్ షాపు స్నేహితుడికి. ఆయన చూశాడు. "బాగానే ఉందిరా, కామెడీ ట్రాక్ లేదు, హీరోయిన్ లేదు, ఫ్యామిలీకి కొంచెం కష్టం" అన్నాడు. ఫ్యామిలీకి కామెడీ ట్రాకూ హీరోయినూ కావాలట. పిల్లాడికేం కావాలో వాణ్ణి అడిగినవాళ్లు ఆ మూడు పూటల్లోనూ లేరు. వాడు మెట్ల మీద కూర్చుని అందరి ముఖాలూ చూస్తున్నాడు, వాయిదాల మీద వాయిదాలు పడుతున్న ముద్దాయిలా.

ఇక్కడ సెన్సారు వాళ్ల గురించి ఒక మాట. ఒకప్పుడు మనకి యూ, ఏ అని రెండే ఉండేవి. 1983లో మధ్యలో యూ/ఏ అని ఇంకోటి చేర్చారు, పన్నెండేళ్లలోపు పిల్లలకి పెద్దల మార్గదర్శకత్వం ఉండాలని. ఈ మధ్య చట్టం మార్చి దాన్నీ ఏడు, పదమూడు, పదహారు అని మూడు మెట్లు చేశారు. ఏ సర్టిఫికెట్ అయితే గేటు దగ్గర పిల్లల్ని ఆపాలి. యూ/ఏలో ఏ మెట్టుకీ గేటు లేదు, అమ్మానాన్నల విచక్షణే. ఆ విచక్షణ ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే మొదటి రోజు మొదటి ఆటకి వెళ్లి నేల మీద పేరుకున్న చించిన కాగితాలు చూడండి. వాటి మధ్యే చంటిపిల్లల చెప్పులు కూడా కనిపిస్తాయి. మార్గదర్శకులు కుర్చీలెక్కి ఈల వేస్తుంటారు.

అసలు మన సినిమా నోరు విప్పిందే ఈ కథతో. 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద". ఆ తర్వాత 1942లో ఒకసారి, 1967లో రోజారమణి ప్రహ్లాదుడిగా, ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడిగా ఇంకోసారి. తండ్రి కొడుకుని కొండ మీంచి తోయిస్తాడు, విషం పెట్టిస్తాడు, ఏనుగుల చేత తొక్కించబోతాడు. చివరికి స్తంభం పగులుతుంది. తెలుగువాడు పూర్తిగా తన భాషలోనే మొట్టమొదట చెవులారా విన్న సినిమా ఇది. తొంభై మూడేళ్ల తర్వాత అదే కథ బొమ్మల్లో వస్తే, ఇది కుటుంబానికి తగునా అని మస్కట్‌కి ఫోన్ చేస్తున్నాం.

విజయావాళ్లు 1951లో "పాతాళభైరవి" తీశారు. అందులో మాంత్రికుడికి కావలసింది బలికి ఒక సాహసవంతుడైన కుర్రాడు. అంటే నరబలి. మా తాతగారు ఆ సినిమాకి బండి కట్టుకుని వెళ్లొచ్చారట, పిల్లల్నీ ముసలమ్మల్నీ ఎక్కించుకుని. ఎవరూ జడుసుకున్నట్టు దాఖలా లేదు. పైగా ఊళ్లో పిల్లలందరూ కొన్నాళ్లపాటు గడ్డం అతికించుకుని మాంత్రికుడి ఆటలే ఆడారట. ఆ విజయా సంస్థ పెద్దలు నాగిరెడ్డి, చక్రపాణి 1947లో పెట్టిన పత్రికే "చందమామ". భుజాన శవాన్ని మోసుకుని శ్మశానం వైపు నడిచే రాజు బొమ్మ చూస్తూ మనం పెరిగాం. ఆ రాజుకి వయసు పరిమితి ఎవరూ పెట్టలేదు.

ఇదంతా నేను బావగారికి చెప్పాను. "అవి పాత రోజులండి బావమరిదిగారూ" అన్నారు. కోపమొస్తే నాకు "గారు" తగిలిస్తారు.

పంచాయితీని తిప్పింది నేను కాదు, బావగారి అమ్మగారు, మా అత్తయ్యగారు. మూడో పూట ఆవిడ వరండాలో బొబ్బట్లకి పూర్ణం ఉండలు చేస్తూ మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అంతర్వేది కథ మొదలుపెట్టారు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట లక్ష్మీనరసింహస్వామి ఎందుకు వెలిశాడంటే, హిరణ్యాక్షుడి కొడుకు రక్తవిలోచనుడని ఒకడున్నాడు. వాడికో వరం. వాడి రక్తం ఎన్ని ఇసుక రేణువుల మీద పడితే అంతమంది రక్తవిలోచనులు పుడతారు. స్వామి వాణ్ణి చీలుస్తుంటే నేలంతా వాళ్లే. అప్పుడు గుర్రాలక్క అమ్మవారు నాలుక చాచింది.

"ఎంత నాలుక?" అన్నాడు వాడు.

"ఇదిగో, ఈ వరండా మొదలుకుని ఆ కాలవ దాకా" అన్నారావిడ, పూర్ణం అంటిన చెయ్యి చాచి. "ఒక్క చుక్క కింద పడనిచ్చిందా తల్లి! అంతా నాలిక మీదే పట్టేసింది. తర్వాత ఆ నెత్తురే ఏరై పారింది, దాన్నే రక్తకుల్య అంటారు." ఒక ఉండ వాడి నోట్లో పెట్టారు. వాడు నములుతూ, "ఓడలరేవు ఇసకంత ఇసక మీద పడితే ఎంతమంది పుట్టేవాళ్లు నాన్నమ్మా?" అని లెక్క మొదలుపెట్టాడు.

ఈ కథని సెన్సారుకి పంపితే ఏ మెట్టు ఇస్తారో నేనూహించలేను. భీష్మ ఏకాదశి రథానికి ఏటా పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వెళ్లే జనానికి దాని అవసరమూ ఎప్పుడూ పడలేదు. బావగారు ఆ కథంతా పడక్కుర్చీలోంచి విన్నారు. అభ్యంతరం చెప్పలేదు. అమ్మ చెప్పేది పురాణం, అమలాపురంలో ఆడేది ఫాంటసీ.

నా అనుమానం వేరే. మన పోస్టర్ల మీద "ఇంటిల్లిపాదీ" అని రాసే మాటలో పిల్లలు లేరు. ఫ్యామిలీ సినిమా అంటే మావగారి పక్కన కోడలు ఇబ్బంది పడకుండా కూర్చోగలిగేది. నిండుగా పెళ్లి ఉండాలి, చీరలుండాలి, అత్తయ్యలు ఏడవాలి. పిల్లలకోసమే తీసింది అయితే పెద్దాళ్లకి ఏముందిలే అని పక్కన పెడతాం. 1996లో గుణ్ణం గంగరాజు "లిటిల్ సోల్జర్స్" తీస్తే దాన్ని హాల్లో చూశామన్నవాళ్లు నాకు తగల్లేదు, టీవీలో చూశామన్నవాళ్లు మాత్రం వీధికి పదిమంది. ఆ మరుసటేడు గుణశేఖర్ అందర్నీ పిల్లల్నే పెట్టి "రామాయణం" తీశాడు. జాతీయ స్థాయిలో ఉత్తమ బాలల చిత్రం అవార్డు వచ్చింది. జనం దాన్ని ఆదరించారంటే అది పిల్లల సినిమా అని కాదు, రాముడి సినిమా అని. హైదరాబాదులో అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవాలు జరిగిన రోజుల్లోనూ అంతే. బడి బస్సుల్లో తోలుకొచ్చిన పిల్లలు చూసేవారు. వాళ్ల అమ్మానాన్నలు ఆ సాయంత్రం వేరే సినిమాకి వెళ్లేవారు.

టికెట్టు మాత్రం పిల్లాడికీ నిండుదే. మాటకే అర విలువ కూడా లేదు.

చివరికి వెళ్లాం. పూర్ణం ఉండల మహిమో ఏమో, బావగారు "సరే, నేను పక్కనే ఉంటాను కదా, భయపడితే బయటికి తీసుకొచ్చేస్తా" అని మెత్తబడ్డారు. అల్లవరం నుంచి ఆటోలో ఆరుగురం. అత్తయ్యగారు హాల్లోకి అడుగుపెడుతూనే చెప్పులు విప్పేసి సీటు కింద పెట్టుకున్నారు. చూస్తే మా వరుసలో ఇంకో ఇద్దరు ముసలమ్మలూ అదే పని చేశారు.

ముందు ప్రకటనలు పడ్డాయి. చీరల కొట్టు, నగల కొట్టు, తర్వాత పొగాకు వ్యతిరేక ప్రకటన. ఊపిరితిత్తుల్ని స్పాంజిలా పిండితే నల్లటి తారు గాజు పాత్రలోకి కారుతుందే, అది. ఇది యూ అయినా ఏ అయినా ఎవరి వయసూ అడగదు. మేనల్లుడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. బావగారు సీటు సర్దుకుంటున్నారు, గమనించలేదు.

సినిమా మొదలయ్యాక వాడు కుర్చీ అంచుకొచ్చాడు. వరాహం హిరణ్యాక్షుణ్ణి కొడుతుంటే "రక్తవిలోచనుడి నాన్న!" అని నాకు పరిచయం చేశాడు. స్తంభం పగిలినప్పుడు హాలంతా దద్దరిల్లింది. వెనక ఎవరో గోవిందా అన్నారు. గోళ్లు దిగబడుతుంటే వాడు నోరు తెరిచి, రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. కళ్లు మూసుకున్నది బావగారు. దుమ్ము పడిందన్నారు తర్వాత.

ఆ రాత్రి రెండింటికి వాడు కెవ్వుమని లేచాడు. ఇల్లంతా లేచింది. అత్తయ్యగారు ఉప్పు దిష్టి తీశారు. బావగారి గొంతులో బాధకంటే గెలుపే ఎక్కువ వినిపించింది.

"చెప్పానా? చెప్పానా లేదా? పిల్లలకి పనికిరాదని మొదటి రోజే అన్నాను. సింహం వచ్చిందా నాన్నా కల్లో?"

వాడు తల అడ్డంగా ఊపాడు. "స్పాంజి" అన్నాడు. "నీదీ అలాగే పిండేస్తారా నాన్నా?"

కాసేపు ఫ్యాను చప్పుడే వినిపించింది. బావగారు లేచి, మంచం కోడుకి వేలాడుతున్న చొక్కా తీసి గోడ కొక్కేనికి తగిలించారు, జేబు గోడవైపుకి తిప్పి.