ఇందుకూరుపేట కల్లం మీద నేను

నేనో స్కేట్‌బోర్డును. నా ఒళ్లు మేపుల్ చెక్క. పలచటి పొరలు ఏడు. కొన్నిటి నార నిలువుగా, కొన్నిటిది అడ్డంగా ఉండేట్టు పేర్చి, జిగురు పూసి అచ్చులో నొక్కితే రెండు కొనలూ పైకి లేచిన ఈ ఆకారం వచ్చింది. ముందు కొన నోస్, వెనక కొన టెయిల్. వీపు మీద కాళ్లు జారకుండా గరుకు టేపు, కింద ట్రక్కులనే రెండు ఇరుసులు, వాటికి నాలుగు యూరెథేన్ చక్రాలు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఒక తెలుగు కుర్రాడు నన్ను కొనుక్కున్నాడు. అతను పై చదువుకు వేరే ఊరు వెళ్లాక, వాళ్ల నాన్న నన్ను బట్టల మధ్య సర్ది ఇందుకూరుపేట తెచ్చి మేనకోడలి చేతిలో పెట్టాడు. ఎనిమిదో తరగతి పిల్ల.

“ఏం మే, దీని మీదెక్కితే నడుములిరగవా?” అంది వాళ్లవ్వ.

“ఇరగదులేవ్వా, మామ నేర్పిస్తానన్నాడు.”

మామ ఉన్నది కొద్ది రోజులే. మిగతాదంతా ఆ పిల్లా నేనూ కలిసి నేర్చుకున్నాం.

మైపాడు సముద్రతీరపు ఇసకలో నా చక్రాలు కూరుకుపోతాయి. తారు రోడ్డు మీద రొయ్యల లారీల భయం. చివరికి మాకు దొరికింది రైస్ మిల్లు కల్లం. వడ్లు ఎత్తేశాక అంత విశాలమైన, నున్నటి సిమెంటు నేల ఈ చుట్టుపక్కల మరొకటి లేదు. మిల్లాయన వద్దనలేదు. ఎక్కేముందు ఆ పిల్ల కల్లమంతా చీపురుతో ఊడ్చేది. చక్రం కింద చిన్న గులకరాయి పడితే చాలు, నేను ఉన్నచోటే ఆగిపోతాను, మనిషి మాత్రం ముందుకు వెళ్లిపోతుంది.

మొదట నన్ను గోనెపట్టా మీద పెట్టింది. చక్రాలు దొర్లవు కాబట్టి నిలబడటం, మోకాళ్లు వంచడం, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు మార్చడం అక్కడే అలవాటైంది. ఎడమ కాలు ముందుంచేవాళ్లను రెగ్యులర్ అంటారు, కుడికాలు ముందుంచేవాళ్లను గూఫీ అంటారు. మా పిల్ల గూఫీ. తర్వాత పట్టా తీసేసి, ఒక కాలితో నేలను తన్ని సాగడం. ఆ తర్వాత కిక్‌టర్న్. టెయిల్ మీద కొంచెం బరువు వేస్తే ముందు చక్రాలు లేస్తాయి, భుజాలు ఎటు తిరిగితే నేనూ అటే తిరుగుతాను. పడేటప్పుడు అరచేతులు ఆనిస్తే మణికట్టు విరిగే ప్రమాదం ఉంది, అందుకే ఒళ్లు ముడుచుకుని భుజం మీద దొర్లాలి. ఇది అన్నిటికన్నా ముందు నేర్వాల్సిన విద్య.

ఆలీ మాత్రం మా ఇద్దరికీ చెమటలు పట్టించింది. చేతులు పెట్టకుండా నాతో సహా గాల్లోకి లేవడం అది. 1970ల చివర్లో ఫ్లోరిడాలో ఆలన్ గెల్ఫాండ్ అనే కుర్రాడు గుంత గోడల మీద చేసి చూపించాడు. ఆలీ అతని ముద్దుపేరు. సమతల నేల మీద సాధించింది రాడ్నీ ముల్లెన్, 1980ల మొదట్లో. చూసేవాళ్లకు నేను పాదాలకు అంటుకున్నట్టు కనిపిస్తాను. జరిగేది వేరు. వెనక కాలు టెయిల్‌ను నేలకు ఠక్కున కొట్టి వెంటనే లేవాలి. ఆ దెబ్బకు నా ముక్కు పైకి లేస్తుంది. అదే క్షణంలో ముందు పాదం అంచు గరుకు టేపును రాసుకుంటూ నోస్ వైపు జరగాలి. ఆ రాపిడే నా వెనక భాగాన్ని పైకి తెచ్చి నన్ను చదును చేస్తుంది. మా పిల్ల టెయిల్ కొట్టేది గానీ వెనక కాలు లేపేది కాదు. కాలు నొక్కిపెడితే నేనెలా లేస్తాను? ఒక సాయంత్రం భయం వదిలి కాలు ముడిచింది. నాలుగు చక్రాలూ నేల విడిచాయి. కుడికాలి బూటు పక్కన కుట్లు అప్పటికే అరిగి ఊడిపోయి ఉన్నాయి.

ఇదే తీరంలో, దక్షిణాన మహాబలిపురంలో, కమలీ మూర్తి అనే చిన్నపిల్ల గౌను వేసుకుని, చెప్పుల్లేకుండా నాలాంటి బోర్డు మీద ర్యాంపు దిగింది. ఆమె అలా దిగుతున్న ఫొటోను ఈ ఆటలో మేటి అయిన టోనీ హాక్ లోకానికి చూపించాడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో జపాన్ అమ్మాయి మొమిజి నిషియా 13 ఏళ్లకే బంగారు పతకం గెలిచింది. ఆ వయసు పిల్లలు ఇందుకూరుపేటలో వీధివీధినా ఉన్నారు.

ఉప్పుగాలికి నా బేరింగులు తుప్పుపట్టాయి. చెరువుల మోటార్లు బాగుచేసే మెకానిక్ చూసి “ఇది 608 బేరింగే కదమ్మా” అని కొత్తవి వేశాడు. గ్రీజు కాకుండా కుట్టుమిషను నూనె చుక్క వేయమన్నాడు. మంచి సలహా. కార్తీకమాసపు వానల్లో నన్ను బయటికి తీయకూడదు, తడిస్తే పొరలు విడిపోతాయి.

మిల్లుల యజమానులకూ పంచాయతీ పెద్దలకూ నా విన్నపం ఒక్కటే. ఖరీదైన పార్కులు ఇప్పుడే అడగడం లేదు. కల్లాలు ఖాళీగా ఉన్న నెలల్లో సాయంత్రం పూట పిల్లలకు వదలండి. అమ్మానాన్నలారా, మీరు ఒక హెల్మెట్టు కొనివ్వండి.